ఎండబాబాయి చేతి వాచీ

మబ్బు పట్టిందంటే మా వీధిలో అందరికీ ప్రాణం లేచొస్తుంది, ఒక్క ఎండబాబాయికి తప్ప. ఆయన గుమ్మంలో నిలబడి, తన కుర్చీలో ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఆ మబ్బుకేసి చూసేవాడు. "కాసేపు పక్కకు జరిగితే నీ సొమ్మేం పోయింది" అని గొణిగేవాడు. ఎండ మళ్ళీ వచ్చిందంటే మొహం విచ్చుకునేది. అందుకే పిల్లలు ఆయనకు ఆ పేరు పెట్టారు, పెద్దవాళ్ళకూ అదే అలవాటైపోయింది. నాకు మాత్రం తమ్ముడు. తోడబుట్టినవాడు కాదు. ఆయన కొత్తగా పెళ్ళయి మా ఎదురింటి మేడ మీద అద్దెకు దిగిన రోజున వాళ్ళ మంచం మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. నేను కింద నిలబడి "ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అంటూ దాన్ని పైకి ఎక్కించాను. ఆ పూట నుంచి ఆయనకు అక్కనూ, ఆయన భార్యకు వదిననూ అయ్యాను.

ఆయన ఉద్యోగం వీధి చివర ఉన్న వాతావరణ కార్యాలయంలో. అక్కడి వాళ్ళంతా వానలూ గాలులూ చూసుకుంటే ఈయన ఒక్కడూ డాబా మీద ఉండేవాడు. ఏం చేస్తావు తమ్ముడూ అంటే "ఎండ కొలుస్తానక్కా" అనేవాడు.

"ఎండను దేంతో కొలుస్తావు, మూరతోనా?"

"రండి, చూపిస్తాను."

నన్ను రమ్మనడం ఒక్కటే ఆలస్యం. ఆ మధ్యాహ్నమే వెళ్ళి చూశాను. డాబా మీద చిన్న గది. దాని పైకప్పు రేకును పట్టాల మీద పక్కకు తోస్తే నెత్తి మీద ఆకాశమే. గది నడుమ బల్ల మీద, ఎదిగిన పిల్లాడు కాళ్ళు చాపుకుని పడుకునేంత పొడవున్న పెట్టె ఒకటి. దానికి చలీ వేడీ తగలకుండా దూది కుట్టిన బొంత తొడుగు. ఆ కుట్టు చూడగానే నాకు తెలిసిపోయింది, అది మా మరదలి చేతి పని. పెట్టె మీద కంచమంత డయలు, దాని పక్కన వణికే సూది, పైన ఎండను పట్టి లోపలికి పంపే గాజుబిళ్ళ. ఎండబాబాయి వంగి, డయలు మీద వేళ్ళు ఆనించి, పసిబిడ్డ బుగ్గ తడిమినట్టు తిప్పేవాడు. సూది అటూ ఇటూ ఊగి ఊగి నడుమకు వచ్చి నిలబడేది. అప్పుడు చేతి వాచీ చూసుకుని, అంకె రాసి, టైము రాసేవాడు.

"మన పైన చాలా ఎత్తున ఓజోన్ అనే గాలి ఉందక్కా. ఎండలో మన ఒంటికి చెడు చేసే కిరణాలను అది మింగేస్తుంది. కొన్నింటిని బాగా మింగుతుంది, కొన్నింటిని పెద్దగా పట్టించుకోదు. ఈ పెట్టె రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి తూస్తుంది. దాన్నిబట్టి పైన ఓజోన్ ఎంతుందో లెక్క కడతాం."

"అంకె రాశావు సరే, టైము దేనికి?"

దానికి జవాబు సాయంత్రం మా వంటింటి గుమ్మంలో కూర్చుని, నేను తరుగుతున్న దోసకాయ చూపించి చెప్పాడు. "దీన్ని అడ్డంగా తెగ్గోస్తే ముక్క చిన్నది. ఏటవాలుగా కోస్తే పొడుగ్గా వస్తుంది కదా. దోసకాయ ఒకటే. పొద్దున ఎండ ఏటవాలుగా వస్తుంది, ఓజోన్‌లో ఎక్కువ దూరం నడిచి వస్తుంది. మధ్యాహ్నం తిన్నగా దిగుతుంది. సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో తెలియకపోతే ముక్క పొడవు చూసి కాయ లావు చెప్పలేం. ఆ ఎత్తు తెలిసేది టైమును బట్టే. టైము తప్పిందా, లెక్కంతా తప్పిందే."

అందుకే ఆయనకు టైము మీద అంత పట్టింపు. అప్పట్లో ఆయన చేతికి తాళం ఇచ్చే పాత వాచీ ఉండేది. అది రోజూ కాస్త ముందుకో వెనక్కో పోయేది. ఆఫీసుకు వెళ్తూ మా గేటు దగ్గర ఆగేవాడు. మా రేడియోలో వార్తలకు ముందు టైము కూత వస్తుంది కదా, దాని కోసం. కూత వచ్చేదాకా ఇద్దరం ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్ళం. కూత రాగానే ఆయన వేలు ఎత్తేవాడు, నేను నోరు మూసేదాన్ని. నన్ను అలా మాట మధ్యలో ఆపగలిగిన మనిషి ఆయన ఒక్కడేనని మా ఇంట్లో చెప్పుకునేవారు. ముల్లు సరిచేసుకుని "వస్తానక్కా" అని వెళ్ళిపోయేవాడు. ఏళ్ళ తరబడి అదే వరస.

ఉపగ్రహాల సంగతీ ఆ గేటు దగ్గరే తెలిసింది. పైనుంచి ఉపగ్రహమే ఓజోన్ కొలుస్తోందని రేడియోలో విని అడిగాను. "మరి నీకేం పని తమ్ముడూ?"

"దానికీ ఒక కన్ను ఉంటుందక్కా. పైకి పంపాక ఆ కన్ను మసకబారితే ఎక్కి తుడిచేదెవరు? అది పొద్దుటి పూట మన మీదుగా పోతూ ఇంత అంటుంది. ఆ వేళకే కింద నుంచి నేను ఇంత అంటాను. నాలాంటి వాళ్ళు లోకమంతా అక్కడక్కడ ఉన్నారు. అందరి లెక్కలూ పక్కన పెట్టి చూస్తే, పైనున్నది ఎక్కువ చెబుతోందో తక్కువ చెబుతోందో తేలుతుంది."

"మా అత్తగారు నా వంటకు చేసిన పనే అన్నమాట."

"ఆవిడ రుచి చూసి చెప్పేవారు కదా, నేను ఊరికే తేడా చెబుతాను. మెచ్చుకోవడం, తిట్టడం పైవాళ్ళ పని."

ఆ తర్వాత ఒక ఏడాది ఆయన ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. కూతురికి ఉద్యోగం వచ్చి తొలి జీతంతో నాన్నకు బ్యాటరీ వాచీ కొనిపెట్టింది. తర్వాత కొన్ని నెలలకు ఆయనకు కడుపులో పుండని డాక్టరు తేల్చాడు. వేళకు తినకపోతే కడుపు కోయక తప్పదన్నాడు. తినడమంటే ఈయనకు ఎండ తర్వాతే. మధ్యాహ్నపు కొలత అయ్యేదాకా డాబా దిగడు. దిగేలోపు మబ్బు తొలిగితే మళ్ళీ ఎక్కుతాడు. మా మరదలు వడ్డించిన కంచం ముందు పెట్టుకుని కిటికీలోంచి వీధి చివరి దాకా చూస్తూ ఉండేది.

వాచీ వచ్చాక ఆయన మా గేటు దగ్గర ఆగడం మానేశాడు. "ఇది సెకండు కూడా తప్పదక్కా" అని మురిసిపోతూ వెళ్ళిపోయాడు. ముచ్చట పడ్డాను గానీ, మనసులో కాస్త చివుక్కుమంది. ఆయన కోసం గేటు దాకా తెచ్చిపెట్టే రేడియోను మళ్ళీ వంటింట్లో పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"అక్కా, ఎవరికీ చెప్పకండి. మన ఊరి మీద ఓజోన్ పొద్దున ఎక్కువుంటోంది, సాయంత్రానికి తగ్గిపోతోంది. రోజూ అంతే. ఇలా ఎక్కడా చూళ్ళేదు. ఇంకొన్నాళ్ళు చూసి పైకి రాస్తాను."

ఎవరికీ చెప్పొద్దన్నాడు కాబట్టి మా వీధి వరకే చెప్పాను. టైలరు తన కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ, మన ఆకాశం వేరని చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగు పాఠం చెప్పే మాస్టారు పిల్లలకూ చెప్పేశాడు. ఎండబాబాయి వీధిలో నడుస్తుంటే, ఆయనేదో పైనుంచి మాకోసం తెచ్చినట్టే చూసేవాళ్ళం.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. పెద్దాఫీసు నుంచి ఒక ఆఫీసరమ్మ ఫోను చేసింది. ఆయన కూతురి ఈడుదే అయినా పని తెలిసిన పిల్లే, మర్యాదగానే మాట్లాడుతుందట. పొద్దుటి కొలతలు ఉపగ్రహం కన్నా చాలా ఎక్కువగా వస్తున్నాయి, చుట్టుపక్కల మిగతా పెట్టెలు ఉపగ్రహంతో దాదాపు కలుస్తున్నాయి, మీది ఒక్కటే విడిపోతోంది అంది. ఈయన సాయంత్రానికి తగ్గిపోతున్న సంగతి చెప్పాడు. మరి మధ్యాహ్నం అంకెలు మాత్రం ఉపగ్రహంతో సరిపోతున్నాయేమిటి అని ఆవిడ అడిగింది.

పెట్టెలో దీపం పెట్టి పరీక్షించమంది, పరీక్షించాడు. గాజులు చూడమంది, చూశాడు. లోపల చెమ్మ చేరిందేమో చూడమంది, లేదు. ఆఖరికి టైము సరిచూశారా అంది.

"నా వాచీకీ మా ఆఫీసు గోడ గడియారానికీ సెకండు తేడా లేదమ్మా" అన్నాడు.

ఆ మాట నిజమే. కొంతకాలం కింద గోడ గడియారం వెనకబడిందని ఆయనే గుమాస్తాను కుర్చీ ఎక్కించి, తన వాచీ చూసి ముందుకు తిప్పించాడు మరి.

ఆఖరి మాట ఏమిటంటే, వచ్చే వారం ఆవిడే వస్తుంది. అప్పటికి కారణం దొరకకపోతే పెట్టెను మరమ్మతుకని పట్టుకెళ్తారు. వెళ్ళింది తిరిగి రావడం ఉండదు, ఆ ఖర్చుకు పైవాళ్ళు ఒప్పుకోరు. ఈయన పాత కొలతల పక్కన కూడా అనుమానం గుర్తు పడుతుంది.

"పెట్టె పోతే నేను కింద గుమాస్తా పక్కన కూర్చోవాలి" అన్నాడు నాతో. "కూర్చుంటాను, అదేం చిన్నతనం కాదు. కానీ అక్కా, ఆ పెట్టె చెప్పింది అబద్ధమంటే ఒప్పుకోలేను. నా చేతిలో అది ఎన్నడూ అబద్ధం చెప్పలేదు."

ఆ వారం ఆయన తిండి ఇంకా తగ్గిపోయింది. నాకు ఉండబట్టక మరదలి దగ్గరకు వెళ్ళాను. అడగాలనుకున్నది ఒకటి, అడిగింది ఇంకొకటి.

"ఏమే, నా మీద తమ్ముడికి కోపమా?"

"అదేంటి వదినా?"

"గేటు దగ్గర ఆగడం మానేశాడు సరే, కొత్త వాచీ. కానీ మునుపు కూత విని కదా నడిచేవాడు. ఇప్పుడు కూత రాకముందే మా గేటు దాటిపోతున్నాడు. నేను స్టవ్ దగ్గర నుంచి చూస్తూనే ఉన్నా. రేడియోలో ఇంకా పాట నడుస్తూనే ఉంటుంది, ఈయన అప్పటికే టైలరు కొట్టు దాటుతుంటాడు. నన్ను తప్పించుకోడానికే కదా."

మా మరదలు మడత పెడుతున్న దుప్పటి అలాగే చేతిలో పట్టుకుని కూర్చుండిపోయింది.

"వదినా, సూర్యుడి ఎత్తు టైమును బట్టే కడతారా?"

"దోసకాయ కోసి మరీ చెప్పాడుగా. ఏం?"

"అయితే పెట్టె తప్పు కాదు. నాది."

అప్పుడు చెప్పింది. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన మర్నాడు, ఆయన వాచీ తీసి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్తే, ఈవిడ ముల్లు కాస్త ముందుకు తిప్పింది. ఇంట్లో గడియారమూ దానికి తగ్గట్టు తిప్పింది. మధ్యాహ్నం అంత త్వరగా దిగి వస్తాడని. వచ్చాడు కూడా, కొన్నాళ్ళు. మెల్లగా మళ్ళీ ఆలస్యం చేయడం మొదలుపెట్టాడు. ఈవిడ ఇంకాస్త తిప్పింది. తర్వాత ఇంకాస్త.

"ఆయన్ని మార్చలేక వాచీని మార్చాను వదినా. ఆఫీసుకు నాలుగు నిమిషాలు ముందెళ్తే ఎవరికి నష్టం అనుకున్నా. ఆయన టైము రాసుకునేది ఈ వాచీ చూసేనని నాకేం తెలుసు? గోడ మీద పెద్ద గడియారం ఉండే ఉంటుంది ఆఫీసన్నాక, దాన్ని చూస్తారనుకున్నా."

"ఉంది. దాన్నీ మీ ఆయన తిప్పించాడు, నువ్వు తిప్పిన వాచీ చూసి."

నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"నువ్వు చెప్పొద్దు వదినా, నేనే చెప్తాను. పక్కన ఉండు, చాలు" అంది.

ఆ మధ్యాహ్నం ఆయన వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. ఈవిడ వడ్డించి, ఆయన నాలుగు ముద్దలు తినేదాకా ఆగింది. తర్వాత చెప్పింది. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని విన్నాడు. అరుస్తాడేమోనని నేను గిన్నెల వైపు చూస్తూ కూర్చున్నాను. అరవలేదు. వాచీ విప్పి బల్ల మీద పెట్టి, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అంటే పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ..." అన్నాడు.

"నేను తిప్పినదే" అంది.

"ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది కూడా" అన్నాడు నాకేసి చూసి.

"వీధిలోనే" అన్నాను.

ఆయన పోగొట్టుకున్నది చిన్నది కాదు. తన పేరుతో ఆకాశంలో ఒక సంగతి నిలబడుతుందని ఇన్నాళ్ళూ ఆశపడ్డాడు. అది ఇంటి బల్ల మీద, స్నానాల గది తలుపు మూసి ఉన్నప్పుడు పుట్టిందని తేలింది. మా మరదలి మొహం చూశాడు. చేయి కడుక్కోలేదు. కంచంలో మిగిలింది తినడం మొదలుపెట్టాడు. అంతా తిన్నాక అడిగాడు.

"ఎప్పుడెప్పుడు తిప్పావు? ఎంతెంత?"

"ఎంతో గుర్తుంది. ఎక్కువైతే దొరికిపోతానని నిమిషాల గీతలు చూసుకుంటూ తిప్పాను. తారీకులే గుర్తు లేవు."

"గుర్తు తెచ్చుకో. పెట్టె డయలు అంకెల్లో తప్పు లేదు. తప్పల్లా పక్కన రాసిన టైముదే. ఎప్పటి నుంచి ఎంత ముందుందో తెలిస్తే అన్నీ మళ్ళీ కట్టుకోవచ్చు. తెలియకపోతే అన్నీ గంగలో కలిసినట్టే."

ఆ సాయంత్రం వాళ్ళ కబుర్లు మళ్ళీ వినాలని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆవిడకు ఇంటి గుర్తులు, ఆయనకు ఎండ గుర్తులు.

"రెండోసారి తిప్పింది కొత్త పరుపు తెచ్చిన మర్నాడు."

"పరుపు తెచ్చిన రోజు సన్నగా తుంపర. మర్నాడు పొద్దున మబ్బు, పదింటికి తెరిపిచ్చింది. దొరికింది."

"మూడోసారి, టైలరు కొడుకు సైకిల్ మీంచి పడి చేయి విరగ్గొట్టుకున్న వారం."

"వారమంటే చాలదు."

"వాడు పడింది నేను చూశాను" అన్నాను. "ఎండకు కళ్ళు బైర్లు కమ్మి మురుగు కాలవ చూసుకోలేదు. మర్నాడు నేనూ మరదలూ వాణ్ణి చూసొచ్చాం."

"ఆ వెళ్ళొచ్చిన మర్నాడే తిప్పాను. కట్టు కట్టిన చెయ్యి చూసి భయమేసింది వదినా, ఈయన్ని కూడా మంచం మీద చూడాల్సి వస్తుందేమోనని."

"కళ్ళు బైర్లు కమ్మే ఎండ ఆ వారం ఒక్కరోజే ఉంది" అన్నాడు ఎండబాబాయి. "దాని తర్వాత రెండో రోజు. సరే."

ఆవిడ గుర్తూ ఆయన గుర్తూ కలిసిన చోట తారీకు దొరికేది. దొరికినప్పుడల్లా ఇద్దరూ, పోయిన గిన్నె అటక మీద కనపడినట్టు మురిసిపోయారు. తప్పు ఎవరిదో ఆ ఇంట్లో ఆ సాయంత్రానికే మరిచిపోయారు.

మర్నాడు ఆయన మా గేటు దగ్గర ఆగాడు. నేను రేడియో పట్టుకుని అప్పటికే నిలబడి ఉన్నాను. కూత రాగానే ముల్లు వెనక్కి తిప్పాడు. ఆఫీసులో గుమాస్తాను మళ్ళీ కుర్చీ ఎక్కించాడట. "ఇన్నాళ్ళూ మేం ముందే ఇంటికి పోతున్నామా సార్? మరి ఇప్పుడు తిప్పడం అంత అవసరమంటారా?" అని ఆ గుమాస్తా బతిమాలాడట.

ఆఫీసరమ్మ వచ్చేసరికి ఆయన మంచి ఎండ ఉన్న రోజుల లెక్కలన్నీ మళ్ళీ కట్టి ఉంచాడు. పొద్దుటివీ మధ్యాహ్నానివీ సాయంత్రానివీ అన్నీ ఒక్క మట్టానికి వచ్చాయి. మా మరదలి జ్ఞాపకానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఆఫీసరమ్మ ఆ అంకెలు చూసింది, ఉపగ్రహం అంకెలు పక్కన పెట్టి చూసింది. ఇంకా చిన్న తేడా మిగిలింది. మిగతా ఊళ్ళ పెట్టెలూ సరిగ్గా అంతే తేడా చూపిస్తున్నాయట. అది పైనున్న కంటిది. దాన్ని తేల్చడానికే కదా ఈ పెట్టెలన్నీ. మా వాడి తప్పు పెద్దదై ఇన్నాళ్ళూ ఈ చిన్నదాన్ని కప్పేసింది.

"పెట్టె ఇక్కడే ఉంటుంది" అని ఆవిడ డాబా మీదే చెప్పేసింది. తర్వాత కలం తీసి, "తేడాకు కారణం ఏం రాయమంటారు?" అని అడిగింది.

భోజనం డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చిన మా మరదలు ముందుకొచ్చింది. "నా పేరే రాయండమ్మా. భార్య వాచీ తిప్పింది అని."

"వద్దు" అన్నాడు ఎండబాబాయి. "గడియారాన్ని రోజూ సరిచూసుకోలేదు అని రాయండి. అది నేను చేయాల్సిన పని. చేయలేదు."

ఆఫీసరమ్మ ఇద్దరి మొహాలూ చూసి, ఆయన చెప్పినట్టే రాసింది. రాసి, "డబ్బాలో నాక్కూడా ఏమైనా ఉందా పిన్నీ?" అని అడిగింది. ముగ్గురూ పెట్టె గది నీడలో కూర్చుని తిన్నారు. నేను కూడా ఉన్నాను కాబట్టి నలుగురం.

అప్పటినుంచి భోజనం ఇంటి దగ్గర ఎదురు చూడటం మానేసింది, వేళకు డాబా ఎక్కుతుంది. ఆయన ఒక కన్ను ఆకాశం మీద ఉంచి తింటాడు. మబ్బు తొలిగితే లేవబోతాడు, మా మరదలు చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెడుతుంది. ఆయన పుండు మానింది.

నా రేడియో వంటింట్లోకి మళ్ళీ వెళ్ళలేదు. రోజూ పొద్దున గేటు మీద పెడతాను. ఆయన వస్తాడు, కబుర్లు మొదలవుతాయి, కూత వస్తుంది, వేలు ఎత్తుతాడు. నేను నోరు మూస్తాను. ముల్లు సరిగ్గానే ఉంటుంది, అది మంచి వాచీ, కూతురు కొన్నది. అయినా ఒకసారి చూసుకుని, "వస్తానక్కా" అని ఎండలోకి నడుస్తాడు.